మన కళావేదికల్లో తీగల సంగతి ఎవరు పట్టించుకుంటారు?

సంపాదకులకు నమస్కారాలు.

ఊళ్లలోని టౌన్‌హాళ్లకూ, కళాక్షేత్రాలకూ, బడుల్లోని సభావేదికలకూ కొత్త సౌండు సిస్టములు సమకూరుస్తున్నారన్న వార్తలు జిల్లా పేజీల్లో తరచుగా చదువుతున్నాను. చాలా సంతోషించవలసిన విషయమే. అయితే ఆ వార్తల్లో స్పీకర్లు ఎన్ని, ఆంప్లిఫయరు ఎన్ని వాట్లది, మైకుల గొంతులన్నిటినీ కలిపి పంపే మిక్సరుకు ఎన్ని చానళ్లు అన్న వివరాలన్నీ ఉంటాయి గాని, మైకునుంచి మిక్సరు దాకా, మిక్సరునుంచి ఆంప్లిఫయరు దాకా, అక్కడినుంచి స్పీకరు దాకా వెళ్లే తీగ ఎలాంటిది, దాని చివర బిగించిన పిన్ను ఎలాంటిది, దాన్ని బిగించిన చెయ్యి పని నేర్చినదేనా అన్న మాట మాత్రం ఎక్కడా కనబడదు. నేను చూసిన టెండరు కాగితాల్లో కూడా ఆ భాగమంతా ‘వైరింగు, ఇతరములు’ అన్న ఒక్క పంక్తిలో ముగిసిపోయింది. ఆ ఒక్క పంక్తిలో అశ్రద్ధ చేసినందువల్ల మిగిలిన పంక్తులన్నిటిమీద పెట్టిన డబ్బు ఎలా వృథా అవుతున్నదో, కొన్నిచోట్ల మనుషుల ప్రాణాలమీదికి ఎలా వస్తున్నదో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను తెనాలి ప్రాంతంలో ముప్పై నాలుగేళ్లుగా పద్యనాటకాలకూ, హరికథలకూ, కచేరీలకూ మైకు పెడుతున్నవాణ్ణి. హైదరాబాదు రవీంద్రభారతి వంటి పెద్ద వేదికల గురించి నేను మాట్లాడటం లేదు. మూడు నాలుగు వందలమంది పట్టే చిన్న ఊరి హాలు, పరిషత్తువారు ఏడాదికొకసారి నాటక పోటీలు పెట్టుకునే హాలు, ఉదయం రాజకీయ సభా సాయంత్రం పిల్లల నృత్యప్రదర్శనా జరిగే హాలు, వీటి గురించే నా బాధ.

కొన్నేళ్ల కిందట అలాంటి ఒక హాల్లో పద్యనాటక పోటీలకు ప్రేక్షకుడిగా వెళ్లాను. హరిశ్చంద్ర కాటిసీను నడుస్తున్నది. నటుడు పద్యం ఎత్తుకుని, రాగం సాగదీసుకుంటూ పై షడ్జం దగ్గర నిలబడ్డ సమయానికి స్పీకర్లలో బరబరమని చప్పుడు వచ్చి గొంతు ఆగిపోయింది. రెండు క్షణాల తరువాత మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. వెనక వరుసలవాళ్లు కేకలు మొదలుపెట్టారు. ఆయన మాత్రం ఆపకుండా, మైకును వదిలేసి ముందు వరుసలవైపు తిరిగి, ఉన్న గొంతుతోనే ఆ పద్యం పూర్తిచేశారు. తెర పడ్డాక నిర్వాహకుల అనుమతి తీసుకుని ఆ మైకు తీగ చివరనున్న పిన్ను విప్పి చూశాను. పైతొడుగు మర తిప్పి వెనక్కి లాగగానే లోపలి సంగతి తెలిసిపోయింది. లోపలుండే మూడు చిన్న పిన్నుల్లో రెండోదానికి వెళ్లే ఎర్ర తీగలో సన్నని పోగులన్నీ తెగిపోయి రెండంటే రెండు మిగిలాయి. టంకం మెరుపు లేకుండా బూడిదరంగులో గరుకు ముద్దలా ఉంది, అంటే పిన్ను తగినంత వేడెక్కకముందే సీసం అంటించి వదిలేశారు. తీగ పైతొడుగును గట్టిగా పట్టుకోవలసిన బిగింపు, దాన్ని వదిలి లోపలి సన్న తీగలమీద పడింది. అందువల్ల ఎవరు తీగను లాగినా ఆ బరువంతా టంకంమీదే పడుతూ వచ్చింది. దీనికి తోడు షీల్డునుంచి, అంటే లోపలి తీగల చుట్టూ ఉండే రాగి అల్లికనుంచి, విడివడిన ఒక పోగు మూడో పిన్నుకు తగిలీ తగలకుండా ఊగుతున్నది. పది నిమిషాల పని అది. ఆ పది నిమిషాలు పోటీలకు ముందు ఎవరూ కేటాయించలేదు. ఆ నటుడు సాధన చేసి తెచ్చుకున్న పద్యం మాత్రం ఆ రాత్రి సగం హాలుకు వినబడకుండానే పోయింది.

మైకునుంచి బయలుదేరే విద్యుత్తు ఎంత స్వల్పమో తెలిస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. వేదికలమీద అందరికీ పరిచయమైన షూర్ కంపెనీవారి ఎస్‌ఎం58 వంటి మైకు దగ్గరగా పెట్టుకుని మాట్లాడితే వచ్చేది కొద్ది మిల్లీవోల్టులు. అదే వేదికమీద దీపాలకు వెళ్లే తీగలో ఉన్నది 230 వోల్టులు, అంటే రమారమి లక్ష రెట్లు. మిక్సరు మైకు సంకేతాన్ని వందల రెట్లు పెంచుతుంది. దారిలో దానితో కలిసిపోయిన రొదనూ అంతే పెంచుతుంది. ముప్పై నలభై మీటర్ల తీగ హాలు పొడవునా కరెంటు తీగల పక్కన పడి ఉన్నప్పుడు, ఆ గుయ్యిమనే హమ్ము అందులోకి చేరకుండా ఆపేవి రెండే: లోపలి తీగల చుట్టూ వలలా అల్లిన రాగి షీల్డు, మెలిపెట్టి ఉన్న ఆ రెండు తీగల సమతూకం.

ఈ సమతూకాన్ని మా పనివాళ్లకు నేను కావడితో పోల్చి చెబుతాను. కావడికి రెండు వైపులా ఒకే బరువు పడితే బద్ద ఒరగదు. మిక్సరు చూసేది ఆ ఒరుగును మాత్రమే, బరువును కాదు. బయటినుంచి వచ్చే హమ్ము రెండు తీగలమీదా సమానంగా పడుతుంది గనుక మిక్సరుకు అది కనబడదు. గొంతు మాత్రం ఒక తీగలో పైకి లేచినప్పుడు రెండో తీగలో కిందికి దిగేలా వస్తుంది, కాబట్టి బద్ద ఒరుగుతుంది, ఆ ఒరుగే మనకు వినిపించే పద్యం. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టరు ఉన్నది ఇందుకే: ఒకటో పిన్ను షీల్డుకు, రెండూ మూడూ ఆ జంట తీగలకు. మన దుకాణాల్లో దీన్ని ‘కెనాన్ పిన్ను’ అంటారు. కెమెరాల కంపెనీకీ దీనికీ సంబంధం లేదు. 1915లో అమెరికాలోని లాస్ ఏంజిలస్‌లో జేమ్స్ కానన్ స్థాపించిన సంస్థ తయారుచేసిన కనెక్టర్ల వరసలోది ఇది. పెట్టగానే టక్కున పడే గొళ్లెం ఉంటుంది, లాగితే ఊడిరాదు, పిన్నులున్నవైపునుంచి సంకేతం బయటికి వెళుతుంది, రంధ్రాలున్నవైపు లోపలికి వస్తుంది. ఈ నియమం ఒక్కటి తెలిస్తే చీకట్లో తడిమి కూడా తీగను సరిగా కలపవచ్చు.

మరి ఇంత మంచి ఏర్పాటు ఉండగా మన హాళ్లలో హమ్ము ఎందుకు వస్తున్నది? చాలాచోట్ల తీగకు ఒకవైపు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్నా, రెండోవైపు మనవాళ్లు పి-38 అని పిలిచే పావు అంగుళం మోనో జాక్ బిగిస్తున్నారు. పాత ఆంప్లిఫయర్లకు మైకు రంధ్రం అదే కొలతలో ఉండేది గనుక ఆ అలవాటు అలాగే నిలిచిపోయింది. ఆ జాక్ పంతొమ్మిదో శతాబ్దపు టెలిఫోను ఎక్స్చేంజీల్లో ఆపరేటర్లు కాల్స్ కలపడానికి వాడిన పిన్ను సంతతి. గట్టిది, సులువైనది, గిటారుకో కీబోర్డుకో దగ్గర దూరానికి చక్కగా పనికొస్తుంది. కాని మోనో జాక్‌లో తీగలు కలిపే బిందువులు రెండే గనుక, మైకు తీగకు దాన్ని బిగించాలంటే మూడో పిన్ను తీగను షీల్డుతో కలిపేయాలి. అక్కడితో కావడికి ఒకవైపు కుండ తీసేసినట్టే. ఐదు మీటర్ల తీగకు పెద్దగా తేడా తెలియకపోవచ్చు గాని, ముప్పై మీటర్ల తీగ దీపాల వెలుగు హెచ్చుతగ్గులు చేసే డిమ్మరు పక్కగా వెళితే మాత్రం ఆ హమ్మును ఏ ఖరీదైన మిక్సరూ తీసేయలేదు.

తీగల్లో రెండో పిన్నూ మూడో పిన్నూ తారుమారు కావడం ఇంకో చిక్కు. రెండో పిన్నే ధనధ్రువం (పాజిటివ్) అని 1992లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ ప్రమాణంగా ఖాయపరచింది. అంతకుముందు కొన్ని పరికరాల్లో అది మూడోదిగా ఉండేది. ఒక మైకు ఒంటరిగా పలికినంతసేపూ ఈ తప్పు ఎవరికీ తెలియదు. ఉపన్యాస వేదిక దగ్గర రెండు మైకులు పక్కపక్కన పెట్టి, ఒక తీగ సరిగానూ ఒక తీగ తిరగేసీ ఉంటే మాత్రం, మాట్లాడేవారి గొంతులోని నిండుతనమంతా ఒకదానికొకటి కొట్టివేసుకుని, గొట్టంలోంచి మాట్లాడినట్టు పీలగా వస్తుంది. మైకు పాడైందని మైకు మారుస్తారు, మిక్సరు మంచిది కాదని మిక్సరు మారుస్తారు, తప్పు మాత్రం తీగలోనే ఉండిపోతుంది. ఇలా మూడేళ్లపాటు పలచని గొంతుతోనే సభలన్నీ నడిపిన హాలు ఒకటి నాకు తెలుసు. తీగ కలిసి ఉంటే మోగి చెప్పే మల్టీమీటరు పట్టుకుని తీగల చివరలు చూసుకుంటూ పోతే ఆరో తీగ దగ్గర దొరికింది.

నాటకాలకు పైనుంచి వేలాడదీసే మైకులు ఎక్కువగా కండెన్సరు రకానివి. వాటికి మిక్సరునుంచి 48 వోల్టుల ఫాంటం పవరు అదే తీగలో వెళ్లాలి. ఆ వోల్టేజీ రెండో పిన్నులోనూ మూడో పిన్నులోనూ సమానంగా వెళ్లి, షీల్డు ద్వారా తిరిగి వస్తుంది. షీల్డు తెగినా మామూలు మైకు హమ్ముతోనైనా పలుకుతుంది, కండెన్సరు మైకు మాత్రం మూగబోతుంది. ‘షీల్డుదేముంది, రెండు తీగలు చాలు’ అనే మాట నేను చాలామంది నోట విన్నాను. వేదిక మధ్యలో వేలాడే మైకు సరిగ్గా నాటకం మధ్యలో ఆగిపోవడానికి ఆ మాటే చాలాసార్లు కారణం.

ఇక స్పీకర్ల తీగ దగ్గరికి వస్తే, మనవాళ్ల అలవాటుకు వెనక ఒక చరిత్ర ఉంది, దాన్ని అర్థం చేసుకోకుండా తప్పుపట్టడం న్యాయం కాదు. పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ చెట్లకూ స్తంభాలకూ కట్టే గొట్టం స్పీకర్లు 100 వోల్టుల లైనుమీద పనిచేస్తాయి. ఆంప్లిఫయరులోనూ ప్రతి గొట్టం వెనకా ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. వోల్టేజీ పెంచి కరెంటు తగ్గించి పంపడం ఇందులోని యుక్తి. ముప్పై వాట్ల గొట్టానికి ఆ లైనులో వెళ్లేది ఒక ఆంపియరులో మూడో వంతు కూడా లేదు. అందుకే సన్నని జంట తీగమీద ఊరి ఈ చివరనుంచి ఆ చివరకు పాట వెళ్లేది. మా గురువులు ఆ తీగ లాగి పని నేర్చుకున్నారు, మాకూ అదే నేర్పారు. ఇప్పుడు హాళ్లలో పెడుతున్న పెట్టె స్పీకర్ల లెక్క వేరు. నాలుగు ఓముల స్పీకరుకు 400 వాట్లు పంపాలంటే తీగలో 10 ఆంపియర్లు పారాలి. దానికీ అదే పాత సన్న తీగ వేస్తున్నారు.

ఆ వేసినప్పుడు జరిగేది లెక్కవేసి చూపిస్తాను. ఆంప్లిఫయరునుంచి స్పీకరుకు ముప్పై మీటర్ల దూరం ఉంటే పోయేదీ వచ్చేదీ కలిపి అరవై మీటర్ల రాగి. తీగ మందం 0.75 చదరపు మిల్లీమీటర్లయితే దాని నిరోధం సుమారు ఒకటిన్నర ఓములు. నాలుగు ఓముల స్పీకరుకు ముందు ఒకటిన్నర ఓముల తీగ అడ్డం పడితే, ఆ స్పీకరుకు అందవలసిన శక్తిలో దాదాపు సగమే అందుతుంది. అందులోనూ మృదంగం, తబలాల ఎడమవైపు పలికే గంభీరమైన నాదం ముందుగా పలచబడుతుంది, ఎందుకంటే స్పీకరులో కదిలే కాగితాన్ని అదుపులో పెట్టే ఆంప్లిఫయరు పట్టు ఆ నిరోధం దగ్గరే సడలిపోతుంది. అదే దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఐదింట నాలుగు వంతులు చేరుతుంది, 4 వేస్తే ఇంకా మెరుగు. ఎక్కువ వాట్ల ఆంప్లిఫయరు కావాలని తీర్మానాలు చేసే కమిటీలు ముందుగా లావు తీగ వేయించి చూస్తే, ఉన్న ఆంప్లిఫయరే చాలునని చాలాచోట్ల తేలుతుంది. ఆంప్లిఫయరును వేదిక దగ్గరికే చేర్చి, దానిదాకా పొడుగు మైకు తీగను లాగడం అన్నిటికన్నా తేలిక.

స్పీకరు తీగ చివర ఏముండాలన్నది ఇంకా ముఖ్యం. పి-38 జాక్‌ను స్పీకరుకు వాడితే, పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ దాని కొన రెండు బిందువులనూ ఒక్క క్షణం కలిపేస్తుంది. ఆంప్లిఫయరు నడుస్తుండగా అలా చేస్తే అది కాలిపోవచ్చు. ఇంతకంటే భయంకరమైనది, స్పీకరు తీగకు ఇంట్లో కరెంటుకు వాడే రెండు పిన్నుల ప్లగ్గు బిగించడం. ఇది నేను ఒకచోట కాదు, చాలాచోట్ల చూశాను. సభ హడావిడిలో ఎవరో కుర్రవాడు ఆ ప్లగ్గును గోడలోని సాకెట్టులో పెడితే స్పీకరు 230 వోల్టులకు బలవుతుంది, పక్కన తీగ చివర పట్టుకున్నవాడి సంగతి చెప్పనక్కరలేదు. ఈ ప్రమాదం లేకుండా చేయడానికే లిక్టన్‌స్టయిన్ దేశపు న్యూట్రిక్ కంపెనీ 1987లో స్పీకాన్ అనే కనెక్టరును తెచ్చింది. పెట్టి పావు తిప్పు తిప్పితే గొళ్లెం పడుతుంది, వేలికి తగిలే లోహం బయట ఉండదు, దాన్ని కరెంటు సాకెట్టులోగాని మైకు రంధ్రంలోగాని పెట్టడానికి వీలే లేదు. ఇన్నేళ్లు గడిచినా మన హాళ్లలో స్పీకరు వెనక ఒలిచిన తీగ మెలిపెట్టి టేపు చుట్టడమే చూస్తున్నాం.

ఎర్తు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మిక్సరు హాలు వెనక ఒక సాకెట్టునుంచీ, ఆంప్లిఫయర్లు వేదికమీద ఇంకో సాకెట్టునుంచీ కరెంటు తీసుకుంటే, ఆ రెండు చోట్ల ఎర్తుల మధ్య ఉండే చిన్న తేడా వల్ల ఆడియో తీగ షీల్డులో విద్యుత్తు పారుతుంది, హమ్ము పుడుతుంది. దీనికి మనవాళ్లు కనిపెట్టిన మందు ప్లగ్గులోని లావు ఎర్తు పిన్నును కోసేయడం. హమ్ము ఆగిపోతుంది, నిజమే. కాని ఆ పరికరంలో ఎక్కడైనా ఫేజు తీగ లోహపు పెట్టెకు తగిలితే ఇక ఆ కరెంటు భూమిలోకి పోవడానికి మిగిలే దారి, ఆ పరికరానికి కలిసిన మైకును పట్టుకున్న మనిషే. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు చూస్తున్న జనం ఎదుటే మైకును తాకి విద్యుదాఘాతంతో మరణించాడు. అంత దూరం పోనక్కరలేదు. ఒక పాఠశాల వార్షికోత్సవంలో కీబోర్డుమీద చెయ్యి ఉంచి మైకు దగ్గరికి వంగిన అబ్బాయి పెదవికి షాకు తగిలి వెనక్కి పడటం నేను కళ్లారా చూశాను. దైవవశాత్తు వాడికేమీ కాలేదు. తరువాత చూస్తే కీబోర్డు ఆంప్లిఫయరు ప్లగ్గుకు ఎర్తు పిన్ను లేదు. కోసిన గుర్తు తాజాగానే ఉంది.

ఈ హమ్ముకు సరైన మందులు ఉన్నాయి. సౌండు పరికరాలన్నిటికీ ఒకే బోర్డునుంచి, ఒకే ఎర్తుతో కరెంటు ఇవ్వాలి, దీపాలకూ ఏసీలకూ వేరే లైను ఉండాలి. ఆ సౌండు బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి, కరెంటు దారి తప్పిన క్షణంలోనే అది లైనును కత్తిరిస్తుంది. కీబోర్డు, కాంటాక్టు మైకు (వాద్యానికే అంటించే మైకు) పెట్టిన వీణ వంటివాటిని నేరుగా పొడుగు తీగతో లాగకుండా వాద్యకారుడి పక్కనే డీఐ బాక్సు పెట్టి కలపాలి. అందులోని ట్రాన్స్‌ఫార్మరు సంకేతాన్ని మాత్రమే దాటించి, షీల్డు దారిలో వచ్చే హమ్మును ఆపుతుంది. దానిమీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ మీట విడదీసేది సంకేతపు షీల్డును మాత్రమే, ప్రాణరక్షణకు ఉన్న కరెంటు ఎర్తును కాదు. ఈ రెండిటికీ తేడా తెలియనివారి చేతికి ప్లగ్గునూ కటింగ్ ప్లేయరునూ ఒకేసారి ఇవ్వకూడదు.

వైర్‌లెస్ మైకులు వచ్చాక ఈ తీగల గొడవ ఉండదనే మాట కూడా వింటున్నాను. వైర్‌లెస్ రిసీవరునుంచి మిక్సరుకు వెళ్లేది తీగే. డిజిటల్ మిక్సర్లలో వేదికమీది పెట్టెనుంచి మిక్సరుకు నెట్‌వర్కు కేబులు ఒక్కటే వస్తుంది, దానికి రాగిమీద హద్దు 100 మీటర్లు. ఆ ఒక్క కేబులు కాలికింద నలిగి తెగితే అన్ని చానళ్లూ ఒకేసారి పోతాయి. గోడలో శాశ్వతంగా వేసే గట్టి కేబులును నేలమీద పరిచి రోజూ చుట్టి విప్పుతూ ఉంటే అది ఎక్కువ కాలం బతకదు. తీగల సంఖ్య తగ్గేకొద్దీ మిగిలిన తీగమీద శ్రద్ధ పెరగాలి.

తీగను చుట్టే పద్ధతి కూడా చూడండి. మోచేతికీ బొటనవేలికీ మధ్య బావి చేంతాడు చుట్టినట్టు మైకు తీగను చుట్టడం మన దగ్గర మామూలు. ప్రతి చుట్టుకూ తీగ లోపల ఒక మెలిక పడుతుంది. షీల్డు అల్లిక సడలి, పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. ఒక చుట్టు మామూలుగా, తరువాతి చుట్టు మణికట్టు తిప్పి లోపలివైపుగా వేసుకుంటూ పోతే ఆ మెలికలు ఒకదానికొకటి విడిపోతాయి, మరుసటి రోజు ఒక చివర పట్టుకుని విసిరితే చిక్కు లేకుండా సాఫీగా పరుచుకుంటుంది. మా దగ్గర పనిలో చేరే పిల్లలకు మొదటి వారమంతా నేను నేర్పేది ఇదే. కొందరు విసుక్కుంటారు. ఇలా చుట్టిన తీగలు పదిహేనేళ్లనాటివి నా పెట్టెలో ఇప్పటికీ పనిచేస్తున్నాయి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులమీద పట్టే మసక మరో సమస్య. వాడని తీగలను మూతలేని మూలల్లో పడేయకుండా పొడిగా ఉండే పెట్టెలో ఉంచి, అప్పుడప్పుడూ పిన్నులను కాంటాక్టు క్లీనరుతో తుడిస్తే చాలు.

హాళ్ల నిర్వహణ చూసే పురపాలక సంఘాలవారినీ, పాఠశాలల యాజమాన్యాలనూ, నాటక పరిషత్తుల కార్యదర్శులనూ నేను కోరుతున్నవి పెద్ద కోరికలు కావు. సౌండు సిస్టముకు టెండరు పిలిచేటప్పుడు తీగలకూ కనెక్టర్లకూ ఎర్తుకూ వేరే పద్దు పెట్టి, ఏ మందం తీగ, ఎన్ని మీటర్లు, ఏ రకం కనెక్టరు అన్నది స్పష్టంగా రాయాలి. పని అప్పగించుకునే రోజున ఏ తీగ ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నదో చూపే పటం ఒకటి తీసుకుని, మిక్సరు దగ్గర గోడకు అతికించాలి. ప్రతి తీగ రెండు చివరలా ఒకే అంకె ఉండాలి. మల్టీమీటరుతో ఒకటో పిన్నునుంచి ఒకటో పిన్నుకు, రెండునుంచి రెండుకు, మూడునుంచి మూడుకు మోగాలి, ఒకదానినుంచి మరొకదానికి మోగకూడదు. అలా చూస్తున్నప్పుడు తీగ చివరను చేత్తో ఊపుతూ చూడాలి, ఎందుకంటే కదలకుండా ఉన్నప్పుడు మోగి, కదిపితే ఆగే తీగే నాటకం మధ్యలో మోసం చేస్తుంది. ఈ పరీక్ష మూడు నెలలకొకసారి చేయడానికి హాలు సిబ్బందిలో ఒకరికి టంకం పని నేర్పించి, ఒక సోల్డరింగ్ ఐరనూ, మంచి సీసమూ, పది కనెక్టర్లూ చేతికివ్వాలి. పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థులకు ఇది రెండు రోజుల్లో నేర్చుకోగల పని. బయటినుంచి మైకు సెట్టు వచ్చినా సరే, ఎర్తు పిన్ను లేని ప్లగ్గునూ, కరెంటు ప్లగ్గు బిగించిన స్పీకరు తీగనూ హాల్లోకి రానివ్వమని బోర్డు రాసి పెట్టాలి.

నాటక పోటీల న్యాయనిర్ణేతలకూ ఒక మనవి. వాచికానికి మార్కులు వేసేటప్పుడు గొంతు తడబడిందా, తీగ తడబడిందా అన్నది ఒక్క క్షణం ఆలోచించండి. వీలైతే మొదటి నాటకానికి ముందు అరగంట సేపు అన్ని మైకులూ పలికించి చూడమని నిర్వాహకులను మీరే పట్టుబట్టండి. మీరడిగితే వాళ్లు కాదనరు.

దసరా ఉత్సవాలు వస్తున్నాయంటే మా ప్రాంతంలో హాళ్లన్నీ రాత్రి పొద్దుపోయేదాకా నిండి ఉంటాయి. ఆ లోపల తెనాలి చుట్టుపక్కల ఏ హాలువారైనా, ఏ బడివారైనా కబురు చేస్తే మల్టీమీటరూ టంకం సామగ్రీ పట్టుకుని వచ్చి, వారి తీగలన్నీ ఒక్కొక్కటే విప్పి చూసి, చెడినవి బాగుచేసి, పటం గీసి ఇచ్చి వస్తాను. కూలి అక్కరలేదు. పాడైన కనెక్టర్ల ఖరీదు వారు పెట్టుకుంటే చాలు.

ఇట్లు,
ఒక మైకు సెట్టు నిర్వాహకుడు,
తెనాలి.